వ్యాసం నిండా సమాచారమే, వాదన లేదంటున్నారు: డిగ్రీలో హిస్టరీ ఎలా చదవాలి?

తొలిమెట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిగ్రీ హిస్టరీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మూడు చోట్ల ఆగిపోయాను, దయచేసి దారి చూపండి.

ఒకటి: ఒక్కో పేపర్‌కి వారానికి 150 నుంచి 200 పేజీల దాకా రీడింగ్ ఇస్తున్నారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి నోట్స్ రాస్తే నోట్సే 30 పేజీలు అవుతోంది. అంత చేసినా, "ఈ రచయిత ఏమంటున్నాడు?" అని సెమినార్‌లో అడిగితే నోట మాట రావడం లేదు.

రెండు: "1789లో ఫ్రాన్సులో విప్లవం ఎందుకు వచ్చింది?" అన్న దాని మీద 2000 పదాల వ్యాసం రాయాలి. ముసాయిదాలో రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు, తత్వవేత్తల ప్రభావం అని నాలుగు భాగాలు పెట్టాను. "సమాచారం సరిపోయింది, వాదన ఎక్కడ?" అని రాసి వెనక్కి ఇచ్చారు. తిరగరాయడానికి పది రోజుల టైముంది.

మూడు: వ్యాసంలో కనీసం ఒక ప్రాథమిక ఆధారం, అంటే ఆ కాలంలోనే రాసినది, వాడాలట. ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు యాత్రికుడి ప్రయాణాల పుస్తకం తీసుకున్నాను. అందులోంచి రెండు వాక్యాలు ఉటంకిస్తే సరిపోతుందా?

---

పుటసంఖ్య (జవాబు)

మొదటి ప్రశ్నకి జవాబు చెప్తాను. మిగతావాటికి మిగతావాళ్ళు చెప్తారు.

మీరు పరిశోధన వ్యాసాన్ని పాఠ్యపుస్తకం చదివినట్టు చదువుతున్నారు, చిక్కంతా అక్కడే. పాఠ్యపుస్తకంలో ఏ వాక్యమైనా పరీక్షలో రావచ్చు కాబట్టి అన్నీ ముఖ్యమే. పరిశోధన వ్యాసంలో సాధారణంగా ఒకే వాదన ఉంటుంది, తక్కిన పేజీలన్నీ దానికి పెట్టిన దన్ను. వాదన ఏమిటో పట్టుకోకుండా దన్నులన్నీ నోట్స్‌లోకి ఎక్కిస్తే 30 పేజీలు కాక ఏమవుతుంది?

30 పేజీల వ్యాసానికి గంటన్నర చాలు. ముందు పేరూ, అచ్చయిన సంవత్సరమూ చూడండి. తర్వాత మొదటి రెండు మూడు పేజీలు నెమ్మదిగా, పెన్సిల్ పట్టుకుని చదవండి. "ఇంతవరకు చరిత్రకారులు ఇలా అనుకుంటూ వచ్చారు" లాంటి వాక్యం ఒకటి తగులుతుంది, దాని వెంటనే "అయితే" అని వస్తుంది. ఆ "అయితే" తర్వాతి రెండు మూడు వాక్యాల్లోనే వాదన ఉంటుంది, అక్కడ గీత గీయండి. అక్కణ్ణుంచి నేరుగా చివరి రెండు పేజీలకి వెళ్ళండి. రచయిత ఎక్కడ తేలాడో తెలిశాక మధ్య భాగానికి రండి, ప్రతి పేరాలో మొదటి వాక్యం చూసుకుంటూ పొండి. పూర్తిగా ఆగాల్సింది రెండు చోట్లే: ఆధారం బాగా గట్టిగా ఉన్నచోట, మీకు నమ్మకం కుదరనిచోట. ఫుట్‌నోట్ల మీద కూడా ఒక చూపు వేయండి. అవి ఆనాటి పత్రాల వైపు చూపిస్తున్నాయా, ఇతరుల పుస్తకాల వైపా అన్నది చూస్తే ఆ వ్యాసం ఏ రకందో తెలిసిపోతుంది.

అప్పుడు పుస్తకం మూసెయ్యండి. మూసిన తర్వాతే నోట్స్. రచయిత వేసుకున్న ప్రశ్న, ఇచ్చిన జవాబు, చూపిన ముఖ్య ఆధారం, ఎవరితో విభేదిస్తున్నాడు, వాదన ఎక్కడ పలచగా ఉంది: ఈ ఐదూ మీ సొంత మాటల్లో, అర పేజీకి మించకుండా రాయండి. రాయలేకపోతే చదివింది ఎక్కలేదన్నమాట. అప్పుడు మొదటి మూడు పేజీలు మళ్ళీ చదవండి, మొత్తం కాదు.

నోట్స్‌లో ఒక క్రమశిక్షణ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు. పుస్తకంలోంచి ఎత్తి రాసిన ప్రతి ముక్కకీ కొటేషన్ గుర్తులు, పక్కనే పేజీ నంబరు. మీ సొంత ఆలోచన అయితే పక్కన వేరే గుర్తు, అది వేరే రంగు పెన్ను అయినా సరే. మూడు వారాలు గడిచాక చూస్తే ఎత్తి రాసిన వాక్యం మీ వాక్యంలాగే కనిపిస్తుంది, అలాగే వ్యాసంలోకి వెళ్ళిపోతుంది. దొంగ రాత కింద దొరికిపోయే విద్యార్థుల్లో కావాలని చేసినవాళ్ళే కాదు, నోట్స్ సరిగ్గా రాసుకోనివాళ్ళూ ఉంటారు.

300 పేజీల పుస్తకమైతే విషయసూచిక, పూర్తి ముందుమాట, ముగింపు, మీ వ్యాసానికి పనికొచ్చే ఒకటి రెండు అధ్యాయాలు చాలు. దానికి ముందు ఆ పుస్తకం మీద పరిశోధన పత్రికలో వచ్చిన సమీక్ష వెతికి చదవండి. రెండు మూడు పేజీల్లో పుస్తకం సారాంశమూ, దాని మీద ఉన్న అభ్యంతరమూ రెండూ దొరుకుతాయి. ఇది అడ్డదారేమీ కాదు. పుస్తకం ఎక్కడ బలహీనమో తెలిసి చదివితే ఇంకా జాగ్రత్తగా చదువుతారు.

ఆఖరి మాట. లిస్టులో ఎనిమిది పేర్లుంటే పైనుంచి కిందికి కాకుండా, అచ్చయిన సంవత్సరాల వరసలో పాతదాన్నుంచి కొత్తదానికి రండి. ఫ్రెంచి విప్లవం మీద ఇది బాగా తెలుస్తుంది. చరిత్రకారుడు లెఫెవ్ర్ 1939లో రాసినప్పుడు, బలం పుంజుకున్న బూర్జువా (పట్టణ సంపన్నుల) వర్గం పాత వ్యవస్థను పడగొట్టిందన్నాడు. కాబన్ 1950లలో మొదలుపెట్టి దానికి అడ్డం తిరిగాడు: 1789 సభకి వచ్చిన మూడో ఎస్టేట్ (మతగురువులూ ప్రభువులూ కాని సామాన్యుల వర్గం) ప్రతినిధుల్లో పెట్టుబడిదారులు కొద్దిమందే, ఎక్కువమంది లాయర్లూ ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్ళూ కదా, మరి ఇది ఏ వర్గం విప్లవం అని అడిగాడు. 1978లో ఫ్యూరే చర్చను వర్గాల మీంచి రాజకీయ భావాల మీదికీ, వాడుకలోకి వచ్చిన కొత్త రాజకీయ భాష మీదికీ మళ్ళించాడు. ఈ వరస తెలియకుండా ముందే ఫ్యూరేని తెరిస్తే, గదిలో సగం మాటలైపోయాక లోపలికి వచ్చినట్టు ఉంటుంది. ఆయన ఎవరికి జవాబు చెప్తున్నాడో అర్థం కాదు.

---

గీటురాయి

వ్యాసం గురించి నేను చెప్తాను.

మీ ముసాయిదాకి ఒక చిన్న పరీక్ష పెట్టండి. సామాజిక కారణాల భాగాన్ని ముందుకీ, రాజకీయ కారణాల భాగాన్ని చివరికీ మార్చి చదవండి. ఏమైనా చెడిందా? చెడదు. భాగాలు అటూ ఇటూ మార్చినా ఏమీ కాలేదంటే అది జాబితా. వాదనలో రెండో మెట్టు మొదటి మెట్టు మీద నిలబడి ఉంటుంది, మార్చితే కూలిపోతుంది.

ఇక ప్రశ్నను మళ్ళీ చదవండి. అందులో అన్నిటికంటే బరువైన మాట "విప్లవం" కాదు, "1789లో". ప్రభువుల హక్కులు కొన్ని శతాబ్దాలుగా ఉన్నవే. రూసో పుస్తకం "సామాజిక ఒప్పందం" 1762లో వచ్చింది. పంటలు పోవడమూ కొత్త కాదు. ఇవన్నీ ముందునుంచీ ఉంటే 1789 దాకా ఎందుకు ఆగింది? మీ ముసాయిదా ఈ ప్రశ్నను ముట్టుకోనే లేదు, ఆ వ్యాఖ్య అందుకే వచ్చింది.

ఇలాంటిచోట పోలిక చాలా పనిచేస్తుంది. 1775 తీసుకోండి. 1774లో ధాన్యం వ్యాపారం మీద కట్టడి ఎత్తేశారు, ఆ ఏడు పంటా సరిగ్గా రాలేదు. 1775 ఏప్రిల్, మే నెలల్లో పారిస్ చుట్టుపక్కల రొట్టె కోసం, పిండి కోసం పెద్ద ఎత్తున అల్లర్లు జరిగాయి. "పిండి యుద్ధం" అన్న పేరే ఉంది వాటికి. సైన్యాన్ని దించారు, అణిగిపోయింది. అప్పుడు అణిగినది 1789లో ఎందుకు అణగలేదు? ఆ తేడా ఏమిటో చెప్పగలిగితే అదే మీ వాదన.

తేడాకి పనికొచ్చే వివరాలు ఇవి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో పెరిగిన అప్పుల వల్ల 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పులు తీర్చడానికే పోతోంది. 1788 ఆగస్టు 8న ఎస్టేట్స్ జనరల్‌ని, అంటే మతగురువులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభని, సమావేశపరుస్తామని ప్రకటించారు. ఆగస్టు 16న ఖజానా కొన్ని చెల్లింపులు ఆపేసింది. ఆ సభ అంతకు ముందు చివరిసారి కూడింది 1614లో. 1789 వసంతంలో దేశమంతా ఎన్నికలు జరిగాయి, ఊరూరా ఫిర్యాదుల పత్రాలు రాశారు. మే 5న సభ మొదలైంది. 1788 పంట దెబ్బతినడంతో రొట్టె ధర ఎక్కుతూ పోయిన కాలమూ సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఒకే ఒక్క వాక్యంలో మీ జవాబు రాసి ఇక్కడ పెట్టండి. షరతు ఒకటే: తెలివైన మనిషి ఎవరైనా దాన్ని కాదని వాదించగలగాలి. "విప్లవానికి అనేక కారణాలు ఉన్నాయి" అంటే ఎవరూ కాదనలేరు, కాబట్టి అది పనికిరాదు.

---

తొలిమెట్టు

చాలా థాంక్సండి. భాగాలు మార్చి చూశాను, మీరన్నట్టే ఏమీ మారలేదు. వాక్యం ఇలా రాశాను: "ఫ్రెంచి విప్లవానికి ఆర్థిక కారణాలే అన్నిటికంటే ముఖ్యమైనవి." ఇది వాదన అవుతుందా?

---

గీటురాయి

ముందుకి ఒక అడుగు పడింది, కాదని వాదించడానికి వీలుంది. కానీ "ఆర్థిక" అన్న మాట కింద మీరు రెండు వేరే సంగతుల్ని కలిపేశారు. ఖజానా దివాలా ఒకటి, రొట్టె ధర ఇంకొకటి. మొదటిది రాజునీ మంత్రులనీ ఇరుకున పెట్టింది. రెండోది కూలివాళ్ళని వీధిలోకి తెచ్చింది. దెబ్బ తగిలిన మనుషులు వేరు, నెలలు వేరు. రెండోది 1775లోనూ ఉంది, మొదటిది అప్పుడు ఈ స్థాయిలో లేదు. "రాజకీయ, ఆర్థిక, సామాజిక" అన్న పెట్టెలతో వచ్చే నష్టం ఇదే: వేరుగా చూడాల్సినవి ఒకే పెట్టెలో పడతాయి, కలిపి చూడాల్సినవి విడిపోతాయి. ఎస్టేట్స్ జనరల్‌ని పిలవడం రాజకీయమా, ఆర్థికమా? రెండూ.

ఇలా తిప్పి చూడండి: "రొట్టె కరువు 1775లోనూ ఉంది. 1788 ఆగస్టు నాటికి ఖజానా ఖాళీ కావడంతో రాజు ఎస్టేట్స్ జనరల్‌ని పిలవాల్సి వచ్చింది, ఆ ఎన్నికలు ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అసంతృప్తికి మొదటిసారి రాజకీయ రూపం ఇచ్చాయి, 1789లో కరువు విప్లవంగా మారింది అందుకే." ఇందులో కాలక్రమం ఉంది, కార్యకారణం ఉంది, ఎదుటివాళ్ళు పట్టుకుని వాదించడానికి జాగా ఉంది. నా వాక్యాన్నే ఎత్తుకోకండి, మీ రీడింగ్‌తో సరిచూసి మీ మాటల్లో పెట్టుకోండి. ఒక్కో మాటకీ జవాబుదారీ మీదే.

2000 పదాలకి లెక్క ఇలా వేసుకోవచ్చు. మొదటి పేరా 150 నుంచి 200 పదాలు: ప్రశ్నలో చిక్కు, మీ జవాబు, అంతే. "మానవ చరిత్రలో ఫ్రెంచి విప్లవం ఒక మహత్తర ఘట్టం" లాంటి వాక్యాలతో మొదలుపెడితే 80 పదాలు వృథా. తర్వాత ఒక్కొక్కటి 300 పదాల చొప్పున ఐదు పేరాలు: 1775తో పోలిక, ఖజానా, ఎన్నికలూ ఫిర్యాదులూ, 1789 వేసవిలో రొట్టె, చివరగా మీ వాదనకి ఎదురొచ్చే గట్టి అభ్యంతరం. మిగిలిన పదాలు ముగింపుకి. తత్వవేత్తల భాగాన్ని ఆ అభ్యంతరం కింద పెట్టండి. 1789 జనవరిలో సియేస్ అనే మతగురువు అచ్చేసిన కరపత్రం మూడో ఎస్టేటే జాతి అంది. ఆ భావాలు లేకపోతే ఎన్నికల్లో జనం ఏ మాటలతో మాట్లాడేవాళ్ళు? ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పండి. "కొంతవరకు నిజమే, ఇంతవరకే" అని హద్దు గీయడం ఓటమి కాదు. మార్కులు ఎక్కువగా పడేదీ ఆ పేరాకే.

పేరా మొదటి వాక్యంలో మీ మాట ఉండాలి, తేదీ కాదు. "1788 ఆగస్టు 8న..." అని పేరా మొదలైతే కథ చెప్పడంలోకి జారిపోతున్నారని గుర్తు. రాయడం అయ్యాక పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరసగా ఒక కాగితం మీదికి దించి చదవండి. అవి మాత్రమే చదివినా వాదన అర్థం కావాలి. కాకపోతే అతుకు ఎక్కడ తెగిందో అక్కడే కనిపిస్తుంది.

చరిత్రకారుల పేర్లు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. "కాబన్ అన్నాడు కాబట్టి" అన్నది ఆధారం కాదు. కాబన్ దేన్ని చూసి అన్నాడు? ప్రతినిధుల వృత్తుల లెక్క చూసి. ఆ లెక్కే మీ వ్యాసంలోకి రావాలి, పేరు దాని వెనక వస్తుంది.

పది రోజుల్లో మొదటి నాలుగు రోజులు చదవడానికి, ఒక రోజు ఈ పథకానికి, మూడు రోజులు రాయడానికి, చివరి రెండు రోజులు దిద్దడానికి. అన్నీ చదివాకే రాద్దామనుకుంటే తొమ్మిదో రోజు రాత్రి మొదలవుతుంది. రెండో రోజు నుంచే రోజుకి 200 పదాలు గజిబిజిగానైనా రాయండి. ఏది తెలియలేదో రాస్తేనే బయటపడుతుంది.

---

మూలప్రతి

మూడో ప్రశ్నకి జవాబు: సరిపోదండి. కొటేషన్‌ని అలంకారంగా అతికిస్తే అది ఆధారం కాదు. ప్రాథమిక ఆధారాన్ని సాక్షిగా చూడండి. సాక్షి ఏం చెప్పాడన్నది సగమే. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏం చూడగలిగే చోట నిలబడి చెప్పాడన్నది మిగతా సగం.

యంగ్ పుస్తకంలో 1789 జూలై 12 నాటి భాగం తెరవండి. లొరేన్ ప్రాంతంలో మార్స్-లా-టూర్ దగ్గర గుర్రం దిగి ఒక కొండ ఎక్కుతుంటే ఒక పేద స్త్రీ ఆయన పక్కన నడుస్తుంది. చూడటానికి అరవై, డెబ్బై ఏళ్ళ మనిషిలా ఉంది, నడుము వంగి ముఖం ముడతలు పడింది. వయసు 28 అని చెప్పింది. ఏడుగురు పిల్లలు. భర్తకి చిన్న పొలం ముక్క, ఒక ఆవు, ఒక బక్క గుర్రం. ఒక దొరకి ఒక ఫ్రాంషార్ గోధుమలు, అంటే 42 పౌండ్ల బరువు, మూడు కోళ్ళు ఇవ్వాలి. ఇంకో దొరకి నాలుగు ఫ్రాంషార్ల ఓట్స్ ధాన్యం, ఒక కోడి, ఒక సూ (చిన్న నాణెం). ఇవి కాక తాయ్ పన్ను, ఇంకా ఇతర పన్నులు. మా లాంటి వాళ్ళ కోసం పెద్దవాళ్ళెవరో ఏదో చేస్తారట, ఎవరో ఎలాగో తెలియదు అంటుంది.

చదవగానే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. ఆ తర్వాత పని మొదలవుతుంది. యంగ్ ఎవరు? ఇంగ్లండులో వ్యవసాయం మెరుగుపరచాలని రాస్తూ తిరిగిన మనిషి. అందుకే గుర్రం బదులు ఇంకో ఆవు పెట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది ఆయనకి. గుర్రం లేకపోతే పండినది మోసుకెళ్ళడం కష్టమని ఆమె జవాబు. ఆ ప్రశ్న యంగ్ కళ్ళద్దాలది, జవాబు ఆమె బతుకుది. రెంటినీ విడదీసి చూపించండి. రెండోది: ఘటన 1789 జూలై 12, పారిస్‌లో బాస్టీల్ కోట జనం చేతికి చిక్కడానికి రెండు రోజుల ముందు. పుస్తకం అచ్చయింది 1792లో. మధ్యలో మూడేళ్ళు, అప్పటికి పాఠకులందరికీ విప్లవం సంగతి తెలుసు. ఆ తర్వాత ఏడాదే, 1793లో, యంగ్ విప్లవాన్ని తీవ్రంగా తిట్టిపోస్తూ ఇంకో పుస్తకం వేశాడు. అంటే అచ్చు వేసేటప్పుడు ఏది ఉంచాలి, దేనికి మెరుగు పెట్టాలి అన్న ఎంపికకి అవకాశం ఉంది. మూడోది: ఆమె మాటలు మనకి వస్తున్నది ఒక పరాయి దేశస్తుడి కలం గుండా.

అందువల్ల "ఫ్రెంచి రైతులందరూ దుర్భర దారిద్ర్యంలో ఉన్నారు" అనడానికి దీన్ని వాడితే తప్పు. ఒక్క మనిషి అందరికీ నమూనా కాదు. మీ వాదనకి ఇది పనికొచ్చేచోటు ఇంకొకటి ఉంది. "ఎవరో ఏదో చేస్తారట" అన్న ఆ మాట చూడండి. సభ మొదలై రెండు నెలలే అయింది, దారిన పోయే పేద రైతు స్త్రీకి కూడా పైన ఏదో జరుగుతోందన్న ఆశ చేరింది, వివరం మాత్రం చేరలేదు. ఎన్నికలు ఊళ్ళలో ఎదురుచూపు పుట్టించాయన్న మీ పాయింట్‌కి ఇది సూటిగా తగులుతుంది.

ఒక్క సాక్షితో ఆగకండి, ఫిర్యాదుల పత్రాలు, అంటే కాయేలు, రెండు చదివి పక్కన పెట్టండి. వాటిలోనూ మెలిక ఉంది. చుట్టుపక్కల తిరిగిన నమూనా పత్రాలు చూసి రాసినవి ఉంటాయి, కాబట్టి ఒకే వాక్యం పక్కపక్క ఊళ్ళ పత్రాల్లో కనిపించవచ్చు. కలం పట్టింది సాధారణంగా చదువు వచ్చిన ఊరి పెద్దో, లాయరో. కాబట్టి అందరూ రాసిన సాధారణ మాటల కంటే, ఫలానా వంతెన, ఫలానా అడవి, ఫలానా పావురాల గూడు అని ఆ ఊరికే చెందిన ఫిర్యాదు ఎక్కడుందో వెతకండి. ఊరి గొంతు అక్కడ వినిపిస్తుంది.

పదాల విషయంలో ఒక హెచ్చరిక. ఆనాటి పత్రంలో "బూర్జువా" అని ఉంటే వెంటనే పెట్టుబడిదారు అని చదువుకోకండి. అప్పట్లో అది పట్టణంలో హక్కులున్న నివాసికీ, పని చేయకుండా ఆస్తి మీద వచ్చే రాబడితో బతికేవాడికీ కూడా వాడిన మాట. అర్థం పొరబడితే వాదన మొత్తం పక్కదారి పడుతుంది.

---

తొలిమెట్టు

అద్భుతంగా చెప్పారు, థాంక్సండి. ఇంకో రెండు చిన్న సందేహాలు. ఫ్రెంచి రాదు, కాయేలు అనువాదంలో చదివితే ఒప్పుకుంటారా? రొట్టె ధరలు సూలలో ఉన్నాయి, ఇప్పటి డబ్బులోకి మార్చాలా?

---

శకవర్షం

అనువాదం వాడొచ్చు, డిగ్రీ స్థాయిలో మామూలే. అనువాదకుల పేరు ఫుట్‌నోట్‌లో ఇవ్వాలి. ఒక మాట మీద వాదన ఆధారపడితే మూలంలో ఏ పదం ఉందో కనుక్కుని రాయాలి. అంతే.

డబ్బు మార్చకండి. 1789 నాటి సూని ఇప్పటి డబ్బులో చెప్తే ఆ అంకెకి అర్థం ఉండదు, ఎందుకంటే అప్పట్లో కూలీ ఇంటి ఖర్చులో రొట్టెకి పోయినంత భాగం వేరే దేనికీ పోలేదు. కూలితో పోల్చండి. ఒక లివ్ర్‌కి 20 సూలు, ఒక సూకి 12 దెనియేలు. పారిస్‌లో నాలుగు పౌండ్ల రొట్టె మామూలు రోజుల్లో 8, 9 సూలు ఉండేది. 1789 ఫిబ్రవరికి 14 సూలు దాటింది. మామూలు కూలీకి రోజుకి వచ్చేది 20 నుంచి 30 సూలు. రోజు కూలి 24 సూలు అనుకుని లెక్క కట్టండి: మామూలప్పుడు కూలిలో మూడో వంతు రొట్టెకి పోతే, ఆ చలికాలంలో సగానికి మించి పోతుంది. వ్యాసంలో ఈ ఒక్క లెక్క "ధరలు ఆకాశాన్నంటాయి" అన్న వాక్యం కంటే పదింతలు పనిచేస్తుంది. కొలతలతోనూ జాగ్రత్త. విప్లవానికి ముందు ఫ్రాన్సులో కొలతలు ప్రాంతానికొక రకం, ఒకే పేరున్న కొలత రెండు ఊళ్ళలో రెండు పరిమాణాలు. యంగ్ ఫ్రాంషార్ పక్కన 42 పౌండ్లు అని చెప్పాడు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. చెప్పనిచోట పోల్చకండి.

తేదీలు ఇంకో గండం. విప్లవం మీద ముందుకి చదివే కొద్దీ విప్లవ ప్రభుత్వం పెట్టిన గణతంత్ర కేలండర్ తగులుతుంది. దాని మొదటి రోజు 1792 సెప్టెంబర్ 22, కానీ వాడుకలోకి వచ్చింది 1793 చివర్లో. దాని రెండో సంవత్సరం థెర్మిడార్ నెల 9 అంటే 1794 జూలై 27. వేరే పేపర్లలోనూ ఇదే తంటా. ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్‌కి మరణశిక్ష అమలైన తేదీ ఆనాటి ఇంగ్లీషు పత్రాల్లో 1648 జనవరి 30, మన పుస్తకాల్లో 1649. అక్కడ అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రష్యాలో అక్టోబర్ విప్లవం నవంబర్ 7న రావడానికి కారణం కూడా కేలండర్ తేడాయే. శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలిపితే సరిపోతుందనుకుంటారు, కానీ శక సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పరుచుకుంటుంది. మోటుపల్లిలో గణపతిదేవుడి అభయశాసనం శకం 1166 నాటిది, అందుకే పుస్తకాల్లో 1244-45 అని రాస్తారు. ఒక్క సంవత్సరం పేరే ఉండి శక సంవత్సరం చెరిగిపోతే ఇంకా కష్టం. క్రోధి అంటే 1244 కావచ్చు, 1304 కావచ్చు, 60 ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. అలాంటప్పుడు లిపి తీరో, అందులో పేర్కొన్న రాజో తేల్చాలి.

ఇక ఫుట్‌నోట్లు. యంగ్ వాక్యాన్ని మీరు యంగ్ పుస్తకంలోనే చూస్తే యంగ్‌నే ఇవ్వండి, ఏ ముద్రణో, ఏ పేజీయో రాయండి. వేరే చరిత్రకారుడి పుస్తకంలో చూసి ఉంటే "ఫలానా పుస్తకంలో ఉటంకించినది" అని రాయాలి. చూడని పుస్తకాన్ని చూసినట్టు ఇస్తే, మధ్య రచయిత పేజీ తప్పు వేసినా వాక్యం కత్తిరించినా ఆ తప్పు మీ నెత్తికి చుట్టుకుంటుంది. ఏఐ చాట్‌బాట్‌ని పుస్తకాల పేర్లు అడిగితే లేని పుస్తకాలు, లేని పేజీలు కూడా నమ్మకంగా ఇస్తుంది. లైబ్రరీ కేటలాగ్‌లో దొరికి, మీ చేత్తో తెరిచి చూసిన పేజీ తప్ప ఏదీ ఫుట్‌నోట్‌లోకి ఎక్కకూడదు.

వ్యాసం ఇచ్చే ముందు రోజు ఒక పూట దీనికే కేటాయించండి. ఫుట్‌నోట్లన్నీ ఒక్కొక్కటీ పుస్తకం తెరిచి పేజీతో సరిచూసుకోండి. 25 ఫుట్‌నోట్లకి రెండు గంటలు పట్టవచ్చు, పుస్తకాలు లైబ్రరీకి తిరిగి ఇచ్చేయకముందే కూర్చోండి.